అక్టోబరు సెమిస్టర్‌కు ఆఖెన్ వెళ్లాలి: విశాఖలో కూర్చుని గది ఖాయం చేసుకోవడం ఎలా?

మద్దిలపాలెం_మెకానికల్ · మే 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎక్స్ఛేంజ్ కింద ఒక్క సెమిస్టర్ జర్మనీలోని ఆఖెన్‌లో చదవాలి. కాలేజీ నామినేషన్ పంపేసింది. అక్కడి యూనివర్సిటీ లెటర్ ఇంకా రాలేదు. హాస్టల్ గది దొరుకుతుందన్న హామీ లేదని మెయిల్‌లోనే రాశారు. లెటర్ వచ్చేదాకా ఆగాలా? అడ్వాన్స్ ఎంత అడుగుతారు? ఇక్కడి నుంచి డబ్బు ఎలా పంపాలి? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

రుషికొండ_అల · మే 12, రాత్రి 10:25

తమ్ముడూ, ఆగొద్దు. రేపే దరఖాస్తు పెట్టు.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకో. జర్మనీలో విద్యార్థి హాస్టళ్లను నడిపేది యూనివర్సిటీ కాదు, 'స్టూడియెరెండెన్‌వెర్క్' అనే వేరే సంస్థ. ఊరికొకటి ఉంటుంది, ఆఖెన్‌కూ ఉంది. యూనివర్సిటీ పోర్టల్‌లో అడ్మిషన్ దరఖాస్తు నింపితే హాస్టల్ దరఖాస్తు కూడా అయిపోయిందనుకుని జూలై దాకా నిశ్చింతగా ఉండిపోయేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. రెండూ వేర్వేరు. చాలా ఊళ్లలో వెయిటింగ్ లిస్టు దరఖాస్తు తేదీ వరసనే నడుస్తుంది, అడ్మిషన్ లెటర్ తర్వాత జత చేయొచ్చు. అందుకే నామినేషన్ అయిన రోజే పేరు ఎక్కించాలి.

ఫారం నింపేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, అటాచ్డ్ బాత్‌రూమున్న సింగిల్ అపార్ట్‌మెంట్ ఒక్కటే టిక్ పెట్టడం. అందరూ అడిగేది అదే, కదలనిదీ అదే. ఒకే కారిడార్‌లో పది పన్నెండు మంది వంటగది పంచుకునే గదులు, ముగ్గురు నలుగురు కలిసుండే ఫ్లాట్లు త్వరగా ఖాళీ అవుతాయి. ఊరి చివరి హాస్టళ్లతో సహా అన్నీ టిక్ పెట్టు.

పేరు లిస్టులో ఉంది కదా అని వదిలేయకూడదు. 'ఇంకా గది కావాలా?' అని మధ్యమధ్యలో మెయిల్ పంపే చోట్లున్నాయి, గడువులోగా జవాబివ్వకపోతే పేరు తీసేస్తారు. స్పామ్ ఫోల్డర్ రోజూ చూడు. గది ఆఫర్ వచ్చాక కూడా గడువు కొద్ది రోజులే. అడ్వాన్స్ జమ అయితేనే ఒప్పుకున్నట్టు లెక్క. ఇండియా నుంచి డబ్బు చేరడానికి పట్టే రోజులు ఆ గడువులోంచే పోతాయి కాబట్టి బ్యాంకు పని ఇప్పుడే సిద్ధం చేసుకో.

దీనికి సమాంతరంగా, అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసుకు మెయిల్ రాసి ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు వేరే కోటా ఉందా అని అడుగు. ఉంటే దానికి వేరే ఫారం, వేరే చివరి తేదీ ఉంటాయి.

ఎంవీపీ_అమ్మ · మే 13, ఉదయం 7:15

నేనూ ఒకటి అడుగుతానండీ. మా అమ్మాయి జనవరి నుంచి ఫ్రాన్స్‌లో ఒక సెమిస్టర్ చదవాలి. ఫ్రాన్స్ పద్ధతి కూడా ఇదేనా? అక్కడ గ్యారంటీ ఇచ్చేవాళ్లు కావాలంటున్నారు. మాకు ఆ దేశంలో ఎవరూ లేరు.

సిరిపురం_ఫారెక్స్ · మే 13, ఉదయం 9:05

అమ్మా, ఫ్రాన్స్ సంగతి తెలిసినవారు చెబుతారు. నేను డబ్బు సంగతి చెబుతాను.

మద్దిలపాలెం, మన దగ్గర అద్దె ఒకటి, మెయింటెనెన్స్ ఒకటి ఉన్నట్టే అక్కడా రెండు అంకెలుంటాయి. 'కాల్ట్‌మీటె' అంటే ఒట్టి అద్దె. హీటింగ్, నీళ్లు, చెత్త ఖర్చులు కలిపితే 'వార్మ్‌మీటె'. కరెంటు, ఇంటర్నెట్ వార్మ్‌మీటెలో ఉన్నాయో లేదో విడిగా అడగాలి. అడ్వాన్స్‌ను 'కౌట్సియోన్' అంటారు. ఇళ్ల అద్దె ఒప్పందాల్లో అది మూడు నెలల కాల్ట్‌మీటెను మించకూడదని జర్మన్ పౌర స్మృతి 551వ సెక్షన్ చెబుతుంది. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. లెక్క చూడు: కాల్ట్‌మీటె 300, ఇతర ఖర్చులు 80 అనుకుంటే నెలకు 380 యూరోలు. కౌట్సియోన్ గరిష్ఠంగా 900. మొదటి నెల అద్దెతో కలిపి 1,280 యూరోలు చేతిలో ఉండాలి.

ఈ డబ్బు బ్లాక్డ్ అకౌంట్ నుంచి రాదు. బ్లాక్డ్ అకౌంట్ అంటే వీసా కోసం ముందే సొమ్ము వేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోల లెక్కన చూపిస్తున్నారు. ఆరు నెలలకు 5,952. కానీ అక్కడికి వెళ్లి, అడ్రస్ నమోదు చేయించుకుని, అకౌంటు యాక్టివేట్ చేశాకే నెలవారీ సొమ్ము రావడం మొదలవుతుంది. కాబట్టి కౌట్సియోన్, మొదటి అద్దె, మొదటి నెల తిండి ఖర్చు బ్లాక్డ్ అకౌంట్ బయట విడిగా ఉండాలి.

ఇక పంపడం. ద్వారకానగర్, సిరిపురం వైపు పెద్ద బ్రాంచికి వెళ్లు. ప్రతి బ్రాంచిలో ఫారెక్స్ పని చేయరు. పాన్, పాస్‌పోర్టు, నామినేషన్ లెటర్, అవతలివాళ్ల ఐబాన్ (యూరప్ బ్యాంకు ఖాతా నంబరు) ఉన్న గది ఒప్పందం పట్టుకెళ్లి ఏ2 ఫారం నింపాలి. పర్పస్ కోడ్ ఎస్0305, విదేశీ చదువు. హాస్టల్ ఖర్చులు కూడా అందులోకే వస్తాయి. సరళీకృత రెమిటెన్స్ పథకం కింద ఆర్థిక సంవత్సరానికి మనిషికి 2,50,000 డాలర్ల దాకా అనుమతి ఉంది. టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటితేనే. గది అడ్వాన్స్‌కు ఆ బెడద లేదు, కాకపోతే బ్లాక్డ్ అకౌంటూ, అడ్వాన్సూ అన్నీ ఒకే పాన్ మీద పంపితే మొత్తం కలిపి లెక్కేసుకో.

ఫారంలో ఛార్జీలు ఎవరివి అన్న గడిలో 'ఓయూఆర్' అని రాయించు, అంటే ఛార్జీలన్నీ మనమే కడతామని. రాయించకపోతే మధ్యలో ఉన్న బ్యాంకు తన ఛార్జీ కోసుకుంటుంది. 900 యూరోలకు పదిహేను, ఇరవై తక్కువ జమ అయితే అవతల ఆఫీసు దాన్ని అడ్వాన్స్ పూర్తిగా అందనట్టే చూస్తుంది. రిఫరెన్స్ గడిలో పేరు, దరఖాస్తు నంబరు తప్పనిసరి. అది లేకపోతే డబ్బు వచ్చినా ఎవరిదో వాళ్లకు తెలియదు. పంపిన రోజే బ్యాంకును స్విఫ్ట్ మెసేజ్ కాపీ (పాత పేరు ఎమ్‌టీ 103) అడిగి హాస్టల్ ఆఫీసుకు మెయిల్ చెయ్యి. డబ్బు దారిలో ఉందనడానికి అదే సాక్ష్యం. గడువు దగ్గరపడినప్పుడు గదిని కాపాడేది అదే.

గాజువాక_గాలి · మే 13, మధ్యాహ్నం 1:30

నా అభిప్రాయం వేరు. ముందు ఒక్క యూరో కూడా కట్టొద్దు. చూడని గదికి డబ్బేమిటి? వెళ్లి, రెండు వారాలు యూత్ హాస్టల్‌లో ఉండి, కళ్లతో చూసి తీసుకోవడమే మేలు. గాజువాకలో టు-లెట్ బోర్డు చూసి కూడా లోపలికి వెళ్లి కుళాయి తిప్పకుండా అడ్వాన్స్ ఇవ్వం కదా.

రుషికొండ_అల · మే 13, సాయంత్రం 4:10

అన్నా, ప్రైవేటు ఓనరు విషయంలో మీ మాట సగం నిజం. కానీ అక్టోబరు మొదటి వారానికి మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. చలికాలపు సెమిస్టర్ కాగితం మీద అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు. క్లాసులు అక్టోబరు మధ్యలో మొదలవుతాయి. కొత్తగా చేరేవాళ్లంతా సరిగ్గా ఆ రెండు వారాల్లోనే ఆ చిన్న ఊరి మీద పడతారు. యూత్ హాస్టల్ మంచాలకే కరువు. పైగా యూత్ హాస్టల్ అడ్రస్ మీద నమోదు జరగదు, నమోదు లేనిదే బ్లాక్డ్ అకౌంట్ డబ్బు కదలదు.

వెళ్లి చూసుకోవాలనుకుంటే సెప్టెంబరులో వెళ్లాలి. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య దాకా అక్కడ క్లాసులుండవు. విద్యార్థులు సొంత ఊళ్లకో ఇంటర్న్‌షిప్‌లకో పోతూ తమ గదిని నెలా నెలన్నరకు అద్దెకిస్తారు. దాన్ని 'త్స్విషెన్‌మీటె' అంటారు. సెప్టెంబరు 10 ప్రాంతం నుంచి ఒక నెలకు అలాంటి గది తీసుకుని, అక్కడుండి మిగతా నెలలకు వెతుక్కోవచ్చు. వీసా మొదలయ్యే తేదీ దానికి సరిపోయేలా దరఖాస్తులోనే రాయాలి.

అయితే ఎక్స్ఛేంజ్ విద్యార్థికి ఇంతకన్నా మంచి దారి ఇంకొకటుంది, దాన్ని ఎవరూ సరిగా వాడుకోవడం లేదు. నువ్వు ఆఖెన్ వెళ్తున్నప్పుడే ఆఖెన్ విద్యార్థులు కొందరు స్పెయిన్‌కో స్వీడన్‌కో ఎక్స్ఛేంజ్ మీద పోతారు. వాళ్ల గది సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఖాళీ. మంచం, బల్ల, గిన్నెలు అన్నీ అందులోనే. ఏడాది ఒప్పందం అడగరు, ఎందుకంటే వాళ్లకీ తిరిగొచ్చాక ఆ గది కావాలి. నీ అవసరం, వాళ్ల అవసరం నెలతో సహా కలుస్తాయి. ఆ ప్రకటనలు ఎక్కువగా జూన్ నుంచి ఆగస్టు వరకు వస్తాయి. 'వేగే-గెజూఖ్ట్' సైటులో నిర్ణీత కాలానికి ఇచ్చేవి అన్న ఫిల్టర్ పెట్టి చూడు. ఇంటర్నేషనల్ ఆఫీసుకు రాసి, ఈసారి బయటికి వెళ్తున్న విద్యార్థులకు నీ అభ్యర్థన పంపించమని కూడా అడుగు. పని కాకపోవచ్చు, అయినా ఖర్చేమీ లేదు.

మెసేజ్ జర్మన్‌లో రాయించు, నూరు మాటలు దాటకుండా. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏం చదువుతున్నావు, సిగరెట్ సంగతి, వంట సంగతి, వీడియో కాల్‌కు ఏ వేళ కుదురుతుంది. అంతే. ఎండాకాలంలో వాళ్ల సాయంత్రం 6 అంటే మనకు రాత్రి 9:30. ఆ వేళను వాళ్ల టైములోనే రాయి. ఇంకొకటి: ప్రకటనను చివరిదాకా చదివారో లేదో చూడ్డానికి ఫలానా మాట మీ మెసేజ్‌లో పెట్టండి అని మధ్యలో రాస్తారు. ఆ మాట లేని మెసేజ్‌లు చదవకుండానే పోతాయి.

కైలాసగిరి_మెట్లు · మే 13, రాత్రి 8:50

గాజువాక అన్న భయం ఊరికే పుట్టింది కాదు. మోసాలు ఎక్కువ, పద్ధతి మాత్రం ఎప్పుడూ ఒకటే. ఊరి నడిబొడ్డున పెద్ద ఫ్లాటు, అద్దె సగానికి సగం తక్కువ. ఓనరు వేరే దేశంలో ఉన్నానంటాడు. అడ్వాన్స్ పంపితే తాళాలు కొరియర్‌లో పంపిస్తానంటాడు. లేదా పేరున్న బుకింగ్ సైటు లింకంటూ అచ్చం అలాగే ఉన్న దొంగ పేజీ పంపుతాడు. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా మాటలు ఆపేయాలి.

పరీక్ష ఇలా చెయ్యండి. ఫొటోలను రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే వేరే ఊరి ప్రకటనలో దొరికిపోతాయి. వీడియో కాల్‌లో వాళ్లు చూపించేది కాకుండా మీరు అడిగింది చేయించండి: కిటికీ తెరిచి వీధి చూపించమనండి, కింద కాలింగ్ బెల్ మీద పేరు చూపించమనండి. జర్మనీలో తలుపు మీద ఫ్లాట్ నంబరు కన్నా ఇంటిపేరే ముఖ్యం, ఆ పేరూ ఒప్పందంలో పేరూ కలవాలి. ఆ వీధిని మ్యాప్‌లో స్ట్రీట్ వ్యూతో పోల్చండి. విద్యార్థి ఇస్తున్న గదైతే వాళ్ల యూనివర్సిటీ మెయిల్ ఐడీ నుంచి ఒక్క మెయిల్ పంపమనండి. నిజమైనవాళ్లు రెండు నిమిషాల్లో పంపిస్తారు.

ఐబాన్ చూడండి. జర్మనీది డీఈతో మొదలై మొత్తం 22 అక్షరాలుంటుంది, నెదర్లాండ్స్‌ది ఎన్ఎల్‌తో 18, ఫ్రాన్స్‌ది ఎఫ్ఆర్‌తో 27. ఆఖెన్ గదికి వేరే దేశపు ఐబాన్ ఇస్తే కారణం అడగండి. ఆన్‌లైన్ బ్యాంకు వాడేవాళ్లకు అలా ఉండొచ్చు, కానీ తక్కిన అనుమానాలకు ఇదీ తోడైతే వదిలేయండి.

అసలు అద్దెదారు తన గదిని మరొకరికి ఇవ్వాలంటే ఓనరు అనుమతి కావాలి. ఆ అనుమతి కాగితం కాపీ అడగండి. అది లేకుండా దిగితే మధ్యలో ఖాళీ చేయాల్సి రావొచ్చు. పాస్‌పోర్టు కాపీ పంపాల్సివస్తే దాని మీద అడ్డంగా 'ఫలానా అడ్రస్ గది అద్దె కోసం మాత్రమే' అని తేదీతో రాసి పంపండి.

మద్దిలపాలెం_మెకానికల్ · మే 14, ఉదయం 6:55

హాస్టల్ దరఖాస్తు రాత్రే పెట్టేశానండీ, అన్ని హాస్టళ్లూ టిక్ పెట్టాను. ఒక సందేహం. వాల్స్ అనే చోట గదులు చాలా కనిపిస్తున్నాయి, ఆఖెన్ క్యాంపస్‌కు బస్సుందట. తీసుకోవచ్చా?

కైలాసగిరి_మెట్లు · మే 14, ఉదయం 8:20

వద్దు! వాల్స్ నెదర్లాండ్స్‌లో ఉంది. సరిహద్దు దాటుతున్నట్టే తెలియదు గానీ దేశం వేరు. నీది జర్మన్ వీసా. దాంతో పక్క షెంగెన్ దేశానికి 180 రోజుల్లో 90 రోజుల లోపు వెళ్లి రావచ్చు, అక్కడ కాపురం పెట్టకూడదు. పైగా జర్మనీలో అడ్రస్ లేకపోతే నమోదే కాదు. యూరప్ పౌరులు అలా ఉండగలరు, మనం కాదు. బెల్జియం వైపు ఊళ్లకూ ఇదే మాట. వెతికేటప్పుడు పోస్టల్ కోడ్ చూసుకో. ఆఖెన్ నగరానివి 520తో మొదలయ్యే ఐదంకెల కోడ్‌లు.

లాసన్స్‌బే_నీలిమ · మే 14, సాయంత్రం 6:30

ఎంవీపీ అమ్మగారూ, ఫ్రాన్స్ సంగతి నేను చెబుతాను.

అక్కడ ప్రభుత్వ విద్యార్థి హాస్టళ్లను నడిపేది 'క్రూస్'. ఎక్స్ఛేంజ్ వాళ్లకు చాలా చోట్ల గదులు అక్కడి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు ద్వారానే కేటాయిస్తారు. అందుకే మొదటి మెయిల్ ఆ ఆఫీసుకే. పాత తరహా క్రూస్ గది 9 చదరపు మీటర్లు, మంచం, బల్ల, అలమర పట్టేంత. చిన్నదని వదులుకోకండి, అద్దెలో దానికి సాటి ఉండదు.

గ్యారంటీ ఇచ్చేవాళ్లు లేకపోయినా దిగులు పడకండి. 'విజాల్' అనే ఉచిత హామీ ఉంది. 18 నుంచి 30 ఏళ్ల వరకు ఉన్న విద్యార్థులకు ఇస్తారు. మన పిల్లలకు విద్యార్థి వీసా చేతికొచ్చాక ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. వరస ముఖ్యం: విజాల్ సర్టిఫికెట్ అద్దె ఒప్పందం మీద సంతకానికి ముందే చేతిలో ఉండాలి, తర్వాత తెచ్చుకుంటే చెల్లదు. ఓనరు విజాల్ ఒప్పుకుంటాడో లేదో ముందే కనుక్కోండి.

ఒక్క సెమిస్టర్‌కు ప్రైవేటు గదైతే 'బై మొబిలితే' అనే ఒప్పందం అడగమనండి. 2018 చట్టంతో వచ్చింది. 1 నుంచి 10 నెలల వరకు, ఫర్నిచర్ ఉన్న ఇళ్లకే. ఇందులో ఓనరు అడ్వాన్స్ అడగడానికి చట్టం ఒప్పుకోదు. మామూలు ఫర్నిష్డ్ ఒప్పందంలో రెండు నెలల దాకా అడగొచ్చు. తేడా చూశారుగా.

తాళాలు తీసుకునే రోజున ఇంటి బీమా సర్టిఫికెట్ అడుగుతారు, 'అస్యురాన్స్ అబితాసియోన్' అంటారు. ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. లేకపోతే సూట్‌కేసుతో ఆఫీసు బయట నిలబడాల్సి వస్తుంది.

ఒప్పందం మన కోర్టు దగ్గర నోటరీ చేయించాలా అన్న అనుమానం కొందరికి వస్తుంది. అవసరం లేదు.

గాజువాక_గాలి · మే 15, ఉదయం 10:00

నీలిమ గారూ, మంచి సంగతి చెప్పారు. రుషికొండ అన్నట్టు సెప్టెంబరు పద్ధతి కూడా సబబుగానే ఉంది, ఒప్పుకుంటున్నా. మా బంధువుల పిల్లవాడు సింగపూర్ అంటున్నాడు, అక్కడెలా?

సిరిపురం_ఫారెక్స్ · మే 15, ఉదయం 11:40

సింగపూర్‌లో చూసుకోవాల్సింది కనీస కాలం. ప్రభుత్వ హెచ్‌డీబీ ఫ్లాట్లలో గది 6 నెలలకు తక్కువ ఇవ్వకూడదు. కాండోల్లో, అంటే ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో, 3 నెలలు. ఆగస్టు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా ఉండే ఎక్స్ఛేంజ్ విద్యార్థికి హెచ్‌డీబీ గది చట్టప్రకారం కుదరదు. ఎవరైనా నాలుగు నెలలకు ఇస్తామంటే తీసుకోవద్దు. క్యాంపస్ హాస్టల్, లేదంటే ఇద్దరు ముగ్గురు కలిసి కాండో.

నెదర్లాండ్స్ వాళ్లకు ఒక్క మాట: అక్కడ గదుల కరువు ఎంతంటే, గది దొరక్కపోతే రావద్దని యూనివర్సిటీలే చెబుతున్నాయి. యూనివర్సిటీ ఇచ్చే గది ఆఫర్ వస్తే బేరాలు, ఆలోచనలు వద్దు, అదే రోజు ఒప్పుకోవాలి.

రుషికొండ_అల · మే 16, రాత్రి 9:15

మద్దిలపాలెం, దిగే రోజు గురించి కూడా ఇప్పుడే ఆలోచించు, టికెట్ దాన్ని బట్టే కొనాలి.

హాస్టల్ తాళాలు ఇచ్చేది 'హౌస్‌మైస్టర్', అంటే బిల్డింగు చూసుకునే ఆయన. వారపు రోజుల్లో, చాలా చోట్ల పొద్దుటిపూట కొన్ని గంటలే ఉంటాడు. విశాఖ నుంచి ఢిల్లీ మీదుగానో హైదరాబాద్ మీదుగానో వెళ్లి శనివారం సాయంత్రం దిగితే సోమవారం దాకా తాళం లేదు. అక్టోబరు 3 జర్మన్ ఐక్యతా దినం, దేశమంతా సెలవు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. 'ఫర్నిష్డ్' అన్నా దుప్పటి, దిండు, గిన్నెలు ఉండకపోవడమే ఎక్కువ. ఒక పల్చటి దుప్పటి, ఒక పళ్లెం, గ్లాసు హ్యాండ్ లగేజీలోనే పెట్టుకో. మంచం సాధారణంగా 90 సెంటీమీటర్ల వెడల్పు, 200 పొడవు. ఇక్కడి డబుల్ బెడ్‌షీట్లు మోసుకెళ్లొద్దు.

దిగిన రోజే ఓనరుతోనో హౌస్‌మైస్టర్‌తోనో గది చూసి లోపాల కాగితం రాయించుకోవాలి: గోడ మీద మరక, పరుపు మీద చిరుగు, మీటరు రీడింగు, తాళాలు ఎన్ని. ఇద్దరి సంతకాలు. ఫొటోలు తీసి ఆ రోజే వాళ్లకు మెయిల్ చెయ్యి. అడ్వాన్స్ తిరిగి రావడం ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది.

ఇల్లు చేరిన రెండు వారాల్లోగా 'ఆన్‌మెల్డుంగ్', అడ్రస్ నమోదు. దానికి గది ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన నివాస ధ్రువపత్రం కావాలి. ఎవరి దగ్గర గది తీసుకున్నా డబ్బు కట్టకముందే 'ఆ పత్రం ఇస్తారా?' అని రాతపూర్వకంగా అడుగు. ఇవ్వమంటే ఎంత చవకైనా ఆ గది నీకు పనికిరాదు. నమోదు ఆఫీసు అపాయింట్‌మెంట్ వారాల తరబడి దొరకదు, విశాఖలో ఉండగానే ఆన్‌లైన్‌లో బుక్ చెయ్యి.

లాసన్స్‌బే_నీలిమ · మే 16, రాత్రి 10:05

వంట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలకు మొదటి గొడవ అక్కడే వస్తుంది. ఆవాలు, ఎండుమిర్చి తాలింపు పొగకు స్మోక్ అలారం మోగుతుంది, కొన్ని బిల్డింగుల్లో నేరుగా ఫైర్ స్టేషన్‌కు కూడా పోతుంది. అనవసరంగా మోగిస్తే బిల్లు వస్తుంది. కిటికీ తెరిచి, వంటగది తలుపు మూసి, చిమ్నీ పెట్టి, చిన్న మంట మీద తాలింపు. తలుపు తెరిస్తే పొగ కారిడార్‌లోకి పోయి అక్కడి అలారం మోగుతుంది.

ఇండక్షన్ స్టవ్ అయితే అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. స్టీలుది, అడుగున ఇండక్షన్ గుర్తున్నది తీసుకెళ్లండి. కరెంటు 230 వోల్టులే, మన మిక్సీ పనిచేస్తుంది. ప్లగ్గుకు అడాప్టర్ కావాలి.

చలికాలంలో హీటరు వేసి కిటికీలు బిగించేసి, గదిలోనే తడిబట్టలు ఆరబెడితే గోడకు బూజు పడుతుంది. బూజుకు అడ్వాన్స్‌లో కోత పడుతుంది. రోజుకు రెండు మూడు సార్లు, ఐదేసి నిమిషాలు, కిటికీ బార్లా తెరవాలి.

మద్దిలపాలెం_మెకానికల్ · మే 17, ఉదయం 7:30

అక్కా, అన్నా, అందరికీ కృతజ్ఞతలు. నమోదు అపాయింట్‌మెంట్, ఎమ్‌టీ 103, ఓనరు అనుమతి, అన్నీ నోట్ చేసుకున్నాను. చివరిది: హాస్టల్ ఒప్పందం మార్చి 31 దాకా అంటున్నారు. నేను ఫిబ్రవరి నెలాఖరుకు తిరిగొస్తే మార్చి అద్దె కట్టాలా? అడ్వాన్స్ ఎప్పుడొస్తుంది?

సిరిపురం_ఫారెక్స్ · మే 17, ఉదయం 9:50

కట్టాలి. నిర్ణీత కాలపు ఒప్పందాన్ని మధ్యలో రద్దు చేయడం కుదరదు. సంతకానికి ముందే ఫిబ్రవరి 28 దాకా ఇస్తారా అని అడుగు, ఎక్స్ఛేంజ్ వాళ్లకు ఇచ్చే హాస్టళ్లున్నాయి. ఇవ్వకపోతే, హాస్టల్ అనుమతితో మార్చి నెలకు వేరే విద్యార్థిని పెట్టుకోవచ్చు. జనవరిలోనే ప్రకటన వెయ్యి.

అడ్వాన్స్ ఖాళీ చేసిన రోజే రాదు. ప్రైవేటు ఓనర్లు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు తీసుకుంటారు, హీటింగ్ లెక్క తేలేదాకా కొంత ఆపుతారు కూడా. అందరూ చేసే పొరపాటు, విమానం ఎక్కేముందు అక్కడి బ్యాంకు ఖాతా మూసేయడం. తర్వాత డబ్బు పంపడానికి చోటు ఉండదు. నెలవారీ ఛార్జీ లేని ఖాతా అయితే అడ్వాన్స్ పడేదాకా ఉంచు, ఆన్‌లైన్‌లో మూసేయొచ్చు. ఖాతా ఫోన్ నంబరు జర్మన్ సిమ్ మీద ఉంటే ఇక్కడికొచ్చాక ఓటీపీ రాకపోవచ్చు, బయలుదేరేముందు దాన్ని మన నంబరుకు మార్చుకో. ఖాళీ చేసే రోజు కాగితంలో నీ ఐబాన్ నంబరూ, విశాఖ ఇంటి అడ్రసూ రాయించి సంతకం తీసుకో.